అటక మూత చప్పుడు: బెంగళూరులో ఒక పెంకుటింటి కేసు

ఇంటివాళ్ల అనుమతితో రాస్తున్నాను. పేర్లు, వీధి, ఇంటిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కొలతలు మాత్రం నా నోట్‌బుక్కులో ఉన్నవే.

నేను పాత ఇళ్ల మరమ్మతులు చేస్తాను. చదివింది సివిల్, నేర్చుకున్నది చాలావరకు వడ్రంగుల దగ్గర. ఈ కేసులో మొదటి ప్రయత్నంలో నేను తప్పు చేశాను. రాయడానికి అదే అసలు కారణం.

ఇల్లు దక్షిణ బెంగళూరులో ఒక పాత లేఅవుట్‌లో ఉంది. ఎనభై ఏళ్లకు తక్కువ ఉండదు. చుట్టూ నాలుగంతస్తులు లేచాయి, ఇదొక్కటే పెంకులతో మిగిలింది. కప్పు నడికొప్పు తూర్పు పడమరలుగా ఉంటుంది, వాలులు ఉత్తరానికీ దక్షిణానికీ. రెండు కొసల్లో త్రికోణపు గోడలు, ఒక్కో గోడలో అటకకు గాలి రావడానికి ఒక్కో కిటికీ. వాలు దాదాపు 30 డిగ్రీలు. ఇంట్లో ఉండేది రిటైరైన దంపతులు, అనంతపురం వైపు నుంచి రెండు తరాల కిందట వచ్చిన కుటుంబం.

మా అమ్మగారి ఊళ్లో ఈ పెంకుల్ని ‘బెంగుళూరు పెంకులు’ అంటారు. తీరా బెంగళూరు వచ్చి చూస్తే ఇక్కడివాళ్లకి అవి ‘మంగళూరు హంచు’లు. మంగళూరు మాటే నిజం. 1860ల్లో బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండ్ క్రైస్తవ సంస్థ వాళ్లు నేత్రావతి ఒడ్డు బంకమన్నుతో అక్కడ పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు, తర్వాత ఇంకా చాలా వచ్చాయి. ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కో అచ్చు, పెంకు వెనక ఒక్కో ముద్ర. ఈ అచ్చుల తేడా ముందుముందు పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

పిలిచింది నవంబరులో. సమస్య దక్షిణపు వాలులో, పడమటి గోడ దగ్గర. మూడేళ్లుగా గాలివాన వచ్చినప్పుడల్లా అక్కడ పెంకులు లేస్తున్నాయి. కొన్ని జారి పక్క పెంకుల మీద పడుతున్నాయి. కింద పడకగదిలో మంచం మీద నీళ్లు. మేస్త్రి వచ్చి సర్దుతాడు, నెలా రెండు నెలలు బాగుంటుంది, మళ్లీ గాలొస్తుంది.

"మూడుసార్లు సర్దించాం బాబూ. నాలుగోసారి వచ్చినాయన ఇదంతా పీకేసి రేకులు వేసుకోండన్నాడు," అన్నారు పెద్దాయన. రేకుల మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు కొంచెం పడిపోయింది. ఆ ఇల్లు కట్టించింది వాళ్ల తాతగారట.

నేను రాకముందే రెండు ప్రయత్నాలు జరిగాయి. మొదటిది కోతుల మీద. ఆ పేటలో కోతులున్నాయి, పెంకులు లాగుతాయి కూడా, అందుకే అది పిచ్చి అనుమానమేమీ కాదు. చూరు పొడవునా వల కట్టించారు, పెంకులు లేవడం ఆగలేదు. కోతి పని అయితే దానికో దారి ఉంటుంది: చెట్టుకొమ్మ నుంచో కేబుల్ తీగ నుంచో దిగిన చోట మొదలై, పెంకులు అడ్డదిడ్డంగా పక్కకు జరిగి, నాలుగైదు పగిలి ఉంటాయి. ఇక్కడ లేచినవి వరసగా ఉన్నాయి, కింది అంచు పైకెత్తుకుని, పగలకుండా. పైగా చాలాసార్లు రాత్రిపూట లేచాయి. రాత్రిపూట కోతులు పడుకుంటాయి.

రెండోది సిమెంటు. లేచే పెంకుల కింద ముద్దలు పెట్టి అతికించారు. ఇది చాలా ఇళ్లలో చూస్తాను, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. కింద ఉన్నది చెక్క. వానాకాలం ఉబ్బుతుంది, మార్చికి కుంచించుకుపోతుంది. సిమెంటు దానితోపాటు కదలదు, వెంట్రుకంత బీట పడుతుంది. ఆ బీట నీటిని బయటికి పంపదు, లోపలికి పీలుస్తుంది. ఇక్కడ ముద్దల కింద ఉన్న రెండు రీపర్లు, అంటే పెంకులు వేలాడే అడ్డపట్టీలు, స్క్రూడ్రైవర్ పొడిస్తే అరంగుళం దిగేంత మెత్తబడ్డాయి. అతికిన పెంకుల్ని విడదీసేటప్పుడు మరికొన్ని పగిలాయి.

ఇక నా పరీక్ష. పెంకుల కప్పు మీదికి మొదటిరోజే ఎక్కను. ఎక్కితే మన కాళ్లే కొత్త సాక్ష్యాలు తయారుచేస్తాయి. ఉదయం ఏడింటికి ఎదురింటి డాబా మీద నిలబడి చూశాను. ఏటవాలు ఎండలో లేచిన ప్రతి అంచూ నీడ వేస్తుంది, ఫోన్ జూమ్‌లో కూడా తెలుస్తుంది. రెండు రకాల లేపు కనిపించింది. కొప్పు కింది ఆరు వరసలూ ఈ చివర నుంచి ఆ చివరదాకా కొద్దిగా, ఓ పావంగుళం లేచి ఉన్నాయి. పడమటి గోడ పక్కన మూడు నాలుగు పెంకుల వెడల్పున మాత్రం బాగా లేచి ఉన్నాయి. ఈ రెండూ ఒకే జబ్బా, రెండు జబ్బులా అని ఆ రోజు నన్ను నేను గట్టిగా అడగవలసింది. అడగలేదు.

మధ్యాహ్నం అటకెక్కి లైటు ఆర్పేశాను. సూదిమొనంత వెలుగు చుక్కలు ఏ పెంకుల కప్పుకైనా ఉంటాయి, వాటికి భయపడక్కర్లేదు. చీలికలా వెలుగు పడే చోట్ల వాసాల మీద సుద్దతో గుర్తు పెట్టాను. తడి మరకలు ఆ గుర్తులకు రెండడుగులు దిగువన ఉన్నాయి. నీళ్లు పెంకు సందులో దిగి, వాసం వెంట జారి, ఎక్కడో కింద చుక్కగా పడతాయి. మంచం మీద కారితే మంచానికి నిట్టనిలువునా పైనున్న పెంకును మార్చేవాళ్లు అందుకే ఎప్పుడూ ఓడిపోతారు.

వాసాలు కుంగాయేమో చూశాను. పడమటి గోడ నుంచి తూర్పుకి దారం లాగి కొలిస్తే 14 అడుగుల్లో అరంగుళం లోపే తేడా. ఆ వయసుకి అది బాగా ఉన్నట్టే. చెదలు పాత జాడలే, కొత్తవి లేవు. రీపర్ల మధ్య దూరం కొలిచాను. కింద అంతటా 12.5 అంగుళాలు, పైన ఆరు రీపర్లు మాత్రం సరిగ్గా 12. చెక్క కూడా వేరు, మిగతాది ముదురు టేకు, ఇది తెల్లటి సిల్వర్ ఓక్.

పెద్దాయన్ని అడిగితే గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ల కిందట చెదలు పట్టి పైన ఆరు రీపర్లు మార్పించారు. ఆ వడ్రంగి అడుగుకొకటి లెక్కన కొట్టుకుంటూ పోయాడు. చివర కొప్పు కింద మూడంగుళాలు మిగిలిపోతే కంకర, సిమెంటు కుక్కి కొప్పు పెంకులతో మూసేశాడు.

అరంగుళానికి ఏమవుతుందని అనిపించవచ్చు. ఈ పెంకు పై అంచు వెనక బుడిపెలతో రీపరుకు వేలాడుతుంది, కింది అంచు దిగువ పెంకు తల మీది గాడిలో కూర్చుంటుంది. ఆ గాడికి పైన ఒక గట్టు ఉంటుంది. రీపర్లు దగ్గరైతే పై పెంకు కింది అంచు గాడిలో దిగకుండా గట్టెక్కి నిలబడుతుంది. అదే ఆ పావంగుళం లేపు. మేస్త్రి ఎన్నిసార్లు సర్దినా పెంకుకు కూర్చునే చోటే లేదు.

దూరం ఎంత ఉండాలన్నది టేపుతో రీపర్ల మీద తేలదు, పెంకుల్నే అడగాలి. పది పెంకుల్ని నేలమీద బోర్లించి, ఒకదానికొకటి తగిలించి, వీలైనంత లాగి ఒకసారి, వీలైనంత నొక్కి ఒకసారి కొలుస్తాను. ఈ ఇంటి పాత పెంకులు ఒక్కోదానికి 12.3 నుంచి 12.75 అంగుళాల మధ్య ఆడాయి. అంటే 12.5 సరిపోతుంది, 12 ఎలాగూ కుదరదు. మేస్త్రి తర్వాత్తర్వాత తెచ్చి పడమటి అంచున వేసిన కొత్త పెంకుల ముద్ర వేరు, అవి 12.9 నుంచి 13.2. ఈ రెండు జాతులకీ ఉమ్మడి కొలత లేదు. ఒకే రీపరు మీద రెండింటినీ కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాదు.

దాంతో నా మనసులో కేసు తేలిపోయింది. పై ఆరు వరసల లేపుకు రీపర్లు, పడమటి అంచున ఎక్కువ లేవడానికి వేరే అచ్చు పెంకులు. రెండు లక్షణాలకూ రెండు కారణాలు దొరికాయి, లెక్క కుదిరింది. కుదిరిన లెక్క ముందు ఎవరికైనా బుర్ర ఆగిపోతుంది. ఆ రోజు కాఫీ ఇస్తూ ఆ ఇంటావిడ ఒక మాటన్నారు, "ఆ అటక మూత గాలొచ్చినప్పుడల్లా దబదబా కొట్టుకుంటుంది నాయనా, అదీ కాస్త చూడు." కొక్కెం పెట్టిస్తానమ్మా అన్నాను. నోట్‌బుక్కులో చిల్లర పనుల కింద రాసుకున్నాను.

జనవరిలో పని చేశాం. పొడి కాలం, పెంకు జారదు. కొప్పుకు కొక్కెంతో తగిలించే నిచ్చెన మీదే పనివాళ్లు తిరిగారు. పై ఆరు రీపర్లూ పీకి, దిగువ నుంచి 12.5 చొప్పున మళ్లీ ఆరే వేశాం. కొప్పు కింద మిగిలిన మూడంగుళాలూ వాటిలోనే కలిసిపోయాయి కాబట్టి అక్కడ కుక్కిన సిమెంటు అవసరమే లేకపోయింది. వెనక విడిగా ఉన్న వంటింటి వాలు నుంచి పాత ముద్ర పెంకులు తీసి ముందుకు తెచ్చాం. వంటింటి వాలుకు దాని రీపర్లు కూడా సవరించి, కొత్త అచ్చు పెంకులన్నీ ఒక్కచోట వేశాం. తక్కువ పడిన 41 పెంకులు పాత సామాన్ల డీలరు దగ్గర అదే ముద్రతో దొరికాయి, అదృష్టం. ఒక్కో పెంకునూ వేలి కణుపుతో కొట్టి చూశాం. మంచిది ఖంగుమంటుంది, లోపల బీట ఉన్నది మొద్దుగా పలుకుతుంది.

చూరు నుంచి మొదలుపెట్టి ఒక్కో వరసే పైకి పోతూ పైపుతో నీళ్లు పోసి చూశాం. పైనుంచి మొదలుపెడితే ఏ వరస కారుతోందో తెలియదు. ఒక్క చుక్క రాలేదు. ఎదురు డాబా నుంచి ఫోటో తీశాను, ఇస్త్రీ చేసినట్టుంది. బిల్లు తీసుకున్నాను.

ఏప్రిల్‌లో మామిడి వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం పడమర నుంచి ఈదురుగాలి కొట్టింది. మర్నాడు ఉదయం ఆరున్నరకు పెద్దాయన ఫోన్. "తిట్టడానికి చెయ్యలేదు బాబూ, చెప్పడానికి చేశాను," అన్నారు. తిట్టినా బాగుండేది.

వెళ్లి చూస్తే పైవరసలు పొడవునా బిగుతుగానే ఉన్నాయి, రీపర్ల పని నిలబడింది. పడమటి గోడ పక్కన మాత్రం తొమ్మిది పెంకులు లేచాయి. నా మొదటి ఆలోచన, సిగ్గుగానే ఉన్నా చెప్తున్నాను, పనివాళ్లు సరిగ్గా కూర్చోబెట్టలేదేమోనని. ఇటు తిరిగి ఉత్తరపు వాలు చూశాక నోరు మూసుకున్నాను. అక్కడ కూడా పడమటి అంచున నాలుగు పెంకులు లేచి ఉన్నాయి. ఉత్తరపు వాలును మేము ముట్టుకోలేదు. దాని రీపర్లు పాతవి, దూరం సరైనది, పెంకులు ఒకే ముద్ర. నేను చెప్పిన రెండు కారణాల్లో ఒక్కటీ అక్కడ లేదు, జబ్బు మాత్రం ఉంది. రెండు వాలులకూ ఉమ్మడిగా ఉన్నవి పడమటి గోడ, దాని వెనక అటక. అంతే.

అప్పుడు అటక మూత గుర్తొచ్చింది. పడకగది కప్పులో ఉండే రెండడుగుల చదరపు పలక అది. గాలికి అది కొట్టుకుంటోందంటే అటకలో ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉందని అర్థం. మూతను ఆడించగలిగిన గాలి పెంకుల్ని వదిలేస్తుందా?

మళ్లీ అటకెక్కాను. పడమటి కిటికీకి చెక్క రెక్కలు లేవు, ఉత్త జాలీ ఉంది. తూర్పు కిటికీకి ప్లైవుడ్ కొట్టేసి ఉంది. కింద గదులకు మూడేళ్ల కిందట పీవీసీ ఫాల్స్ సీలింగ్ వేశారు. అంతకుముందు అక్కడ చెక్క పలకల కప్పు, పలకల మధ్య సందులు. ఆ సీలింగ్ పనివాడే పావురాలు రాకుండా తూర్పు మూసి, ‘గాలాడుతుంది’ అని పడమటి రెక్కలు తీసి జాలీ పెట్టాడు. మూడేళ్లు! పెంకులు లేవడం మొదలైంది కూడా అప్పటినుంచే. మొదటిరోజు "కప్పు మీద ఏమేం పని చేయించారు?" అని అడిగాను. ఆయన లెక్కలో సీలింగ్ కప్పు కాదు, కాబట్టి చెప్పలేదు. ప్రశ్నలోనే తప్పుంది.

నమ్మకం కోసం ఒక చవక పరీక్ష చేశాను. గాలి ఉన్న మధ్యాహ్నం అగరుబత్తి వెలిగించి పెంకుల కింద పట్టుకున్నాను. ఎక్కడ పట్టినా పొగ సందుల్లోంచి బయటికే పోయింది. పడమటి గోడకు దగ్గరయ్యేకొద్దీ వేగంగా పోయింది. అక్కడి పెంకుల లోపలివైపు సందుల పక్కన దుమ్ము ఊదేసినట్టు శుభ్రంగా ఉంది, సాలెగూళ్లు బయటివైపు ఉబ్బి ఉన్నాయి. నవంబరులో కూడా అవి అక్కడే ఉండి ఉంటాయి. నేను వెలుగు కోసం చూశాను, దుమ్ము కోసం చూడలేదు.

కాగితం మీద కూడా వేసి చూసుకున్నాను. పొడి పెంకు వంటింటి తూకం మీద 2.6 కిలోలు. చదరపు మీటరుకు 15 పెంకులు, అంటే 39 కిలోలు. వాలు వల్ల పైకి లేవకుండా ఆపేది అందులో 34. గంటకు 70 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 23 కిలోల ఒత్తిడి తెస్తుంది. కప్పు అంచుల దగ్గర పైనుంచి పీల్చే బలం దానికి ఓ 1.2 రెట్లు అనుకుంటే 28. ఇది 34 కన్నా తక్కువ, పెంకు కదలదు. ఎనభై ఏళ్లు కదలనిది అందుకే. ఇప్పుడు అటకలోకి దూరి బయటికి దారిలేని గాలి కిందనుంచి ఇంకో సగం రెట్టు నెట్టిందనుకోండి, మొత్తం 39 అవుతుంది. పెంకు లేస్తుంది. ఇవి మోటు లెక్కలే, అయినా ఏ వైపు తూగుతుందో తెలుస్తుంది. గాలి ఒత్తిళ్ల భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం బెంగళూరుకు సెకనుకు 33 మీటర్ల గాలివేగం లెక్కలోకి తీసుకోమంటుంది, అంటే గంటకు దాదాపు 119 కిలోమీటర్లు. చెన్నైకి 50 మీటర్లు. బరువు ఒక్కదాన్నే నమ్ముకున్న పెంకును చెన్నైలో నేను ఎప్పుడూ వదిలిపెట్టను.

ఇక ఏం చేయాలి? సులువైన దారి పడమటి కిటికీ కూడా మూసేయడం. వద్దనుకున్నాను. రెండూ మూస్తే అటకలో వేడి, తేమ నిలిచిపోయి వాసాలకు బూజు పడుతుంది, మెత్తబడ్డ రెండు రీపర్లను అప్పుడే చూశాను. గాలి రావాలి, వచ్చినంతా పోవాలి. తూర్పు ప్లైవుడ్ పీకించి, పావురం దూరని అరంగుళం జాలీ పెట్టి, బయట వాలు రెక్కలు బిగించాం. పడమటి కిటికీకి కూడా రెక్కలు తిరిగి పెట్టాం, గాలి సన్నబడి లోపలికొచ్చేలా, వాన జల్లు రాకుండా.

రెండోది తీగ. ఈ పెంకు వెనక చిన్న చెవి, దానికి రంధ్రం ఉంటుంది. అది దేనికో చాలామంది పనివాళ్లకు తెలియదు. అందులోంచి జీఐ తీగ (జింకు పూత పూసిన ఇనుప తీగ) దూర్చి రీపరుకు కొట్టిన మేకుకు చుట్టాలి. రెండు వాలుల్లోనూ పడమటి, తూర్పు అంచుల్లో మూడేసి పెంకుల వెడల్పు, కొప్పు కింది రెండు వరసలు, చూరు వరస కట్టాం. కప్పంతా ఎందుకు కట్టలేదని పెద్దాయన అడిగారు. నడిమధ్యలో పీల్పు తక్కువ, పైగా రేపు ఒక పెంకు పగిలితే మార్చడం నరకం. తీగను బిగించి లాగనివ్వలేదు, పెంకు గాడిలో కొద్దిగా ఆడాలి, గట్టిగా లాగితే చెవి విరుగుతుంది. కొప్పు పెంకుల్ని సిమెంటుతో కాకుండా సున్నం, సుర్కీ (ఇటుకపొడి)తో కూర్చోబెట్టాం. ఈసారి కూలి మాత్రమే తీసుకున్నాను. నేను చూడవలసింది చూడకపోయినందుకు ఆయన ఎందుకు కట్టాలి?

అటక మూతకు కొక్కెం పెట్టబోతే వద్దన్నాను. అదే మా కొలత యంత్రం. "గాలొచ్చినప్పుడు అది చప్పుడు చేస్తే ఫోన్ చేయండమ్మా," అని చెప్పాను.

మే నెలలో రెండు గాలివానలు, జూన్ జూలైల్లో రోజూ వీచే పడమటి గాలి, అక్టోబరు వానలు పోయాయి. మరుసటి ఏడు కూడా. తీగ కట్టని నడిమి పెంకులు కూడా కదల్లేదు కాబట్టి తీగ ఒక్కటే కాపాడిందనుకోను. రెండింటిలో ఏది ఎంత పనిచేసిందో మాత్రం విడదీసి చెప్పలేను, ఒకేసారి చేశాం. పడకగదిలో ఎండ వేడి తగ్గిందని ఆవిడ అన్నారు, అది నేను కొలవలేదు.

ఈ ఇంటి తర్వాత నా మొదటిరోజు ప్రశ్న మారింది. కప్పు సంగతి అడగను. పదేళ్లలో ఇంట్లో ఏం మార్చినా చెప్పమంటాను, సీలింగ్, ఏసీ, కిటికీ, పక్కన కొట్టేసిన చెట్టు, ఏదైనా. ఎప్పుడు మార్చారో, సమస్య ఎప్పుడు మొదలైందో పక్కపక్కన రాసుకుంటాను. రెండు లక్షణాలకు రెండు కారణాలు చక్కగా దొరికితే, ఆ కారణాలు లేనిచోట లక్షణం ఉందేమో ఒకసారి తిరిగి చూసి వస్తాను. ఉత్తరపు వాలును నవంబరులో సరిగ్గా చూసి ఉంటే అప్పటికే ఒకటో రెండో పెంకులు దొరికేవేమో. చిల్లర పనుల పేజీని ఇప్పుడు ముందు చదువుతాను.

మొన్న ఫిబ్రవరిలో ఆవిడ ఫోన్ చేస్తే గుండె ఝల్లుమంది. మూత చప్పుడు చేయలేదట. వంటింటి వైపు మూడు పెంకులు అడ్డంగా జరిగి ఒకటి పగిలింది, పట్టపగలు. వెళ్లి చూస్తే చూరు మీద సగం కొరికిన జామకాయ ఉంది. ఈసారి నిజంగానే కోతి.